ఉదయగిరి నుంచి ఏమీ రాలేదు

ఆ వారమంతా ముసురే. ఆత్మకూరులో మా ఆఫీసు మేడ మీద ఉండేది. కిటికీలోంచి చూస్తే బస్టాండు వైపు పోయే రోడ్డు, దాని మీద గొడుగులు, గోనెపట్టా కప్పుకొని నడిచే మనుషులు, అన్నీ తడిసిన అద్దం వెనక బొమ్మల్లాగా మెల్లగా కదిలేవి. పగలంతా ఒకటే వెలుతురు. పొద్దున ఏదో, సాయంత్రం ఏదో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ రోజుల్ని తలుచుకుంటే నిజంగా జరిగినవి ఎన్ని, మగత నిద్రలో నేను కలుపుకొన్నవి ఎన్ని అని అనుమానం వస్తుంది. ఒక్క మాట విషయంలో మాత్రం అనుమానం లేదు. అది నా నోటితో నేను రెండుసార్లు అన్నాను. కంప్యూటరు ముందు కూర్చొని, ఎవరు ఏం పంపొచ్చు, ఏం పంపకూడదు అని నిర్ణయించే ఉద్యోగాల్లో ఇవాళ చాలామంది చిన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వింటారని ఇది రాస్తున్నాను.

తొంభైల చివరి సంగతి. పల్లెల్లో వైద్యం చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నాకు ఉద్యోగం. పెద్ద ఆఫీసు ఆత్మకూరులో. ఉదయగిరిలో, దుత్తలూరులో, వరికుంటపాడులో, సీతారామపురంలో చిన్న చిన్న కేంద్రాలు ఉండేవి. కేంద్రానికి ఒక నర్సు, ఒక టెలిఫోను, ఒక కంప్యూటరు. అంతకుముందు నెల నెలా రిపోర్టులు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళు. కొన్ని తడిసి వచ్చేవి, కొన్ని మమ్మల్ని దాటి నెల్లూరు దాకా పోయి తిరిగి వచ్చేవి. సంస్థను నడిపే డాక్టరు గారికి విసుగు పుట్టి, ఆఫీసులో ఒక సర్వరు పెట్టించారు. కేంద్రం వాళ్ళు మోడెంతో మాకు ఫోను కలిపి, ఒక వెబ్ పేజీ తెరిచి, తమ ఫైలు అందులోకి ఎక్కించాలి. వచ్చినవన్నీ ఆ పేజీలోనే వరుసగా కనిపిస్తాయి. మేము దాన్ని ఫైళ్ళ పేజీ అనేవాళ్ళం. మందుల స్టోరు చూసుకొనే నన్ను మూడు నెలలు నెల్లూరు పంపి, నేర్పించి, ఆ పేజీ ముందు కూర్చోబెట్టారు.

దానికి ఒక సెట్టింగుల ఫైలు ఉండేది. ఎన్నో వరుసలున్నా పని చేసేవి రెండే. ఏ రకం ఫైళ్ళు తీసుకోవాలో ఒక వరుస చెప్తుంది. ఎంత పెద్ద ఫైలు దాకా తీసుకోవాలో ఇంకొక వరుస చెప్తుంది. మొదట్లో రెండూ వదులుగానే పెట్టాను. కొత్త మోజు కదా, కేంద్రాల వాళ్ళు దేవుడి పటాలు, పూలతోటల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు అన్నీ ఎక్కించారు. ఎవరో పంపిన ఉత్తరంలో వైరస్ కూడా వచ్చింది. ఒక సోమవారం పొద్దున చూస్తే డిస్కు నిండిపోయి ఉంది, సర్వరు లేవడం లేదు, రెండు నెలల రిపోర్టులు మాయం. డాక్టరు గారు అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగారు. తలెత్తలేకపోయాను.

ఆ తర్వాత రెండు వరుసలూ బిగించేశాను. ఉత్త అక్షరాలుండే టెక్స్ట్ ఫైలు తప్ప ఇంకేదీ రాకూడదు. అది కూడా అరవైనాలుగు కేబీ దాటకూడదు. ఇవాళ మీ ఫోనులో తీసిన ఒక్క ఫోటోలో అట్లాంటివి ఎన్నో పడతాయి. కాని మా రిపోర్టులకు అది చాలు. దాటితే పంపినవాళ్ళకు ఇంగ్లీషులో ఒక ఎర్ర వరుస కనిపించి ఆగిపోతుంది. నా వైపు ఏమీ ఉండదు. ఎవరు ప్రయత్నం చేశారు, ఎన్నిసార్లు చేశారు, ఏమీ తెలియదు. పేజీ కడిగిన పలకలాగా ఉండేది. నెల తిరిగేసరికి డాక్టరు గారు వచ్చి చూసి, "ఇప్పుడు పద్ధతిగా ఉండాది" అన్నారు. ఆ మాట నేను ఇంటికి తీసుకుపోయి భార్యకు కూడా చెప్పాను.

నా పక్క బల్ల దగ్గర డేటా ఎంట్రీ చేసే అక్క ఉండేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మాట తక్కువ మనిషి. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ పేజీలో వచ్చిన టెక్స్ట్ ఫైళ్ళన్నీ వెడల్పాటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తీసి, డాక్టరు గారి బల్ల మీద పెట్టడం ఆమె పని. ఆ ప్రింటరు కాగితం మీద ఒక వరుసకు నూటముప్పై పైచిలుకు అక్షరాలు పట్టేవి. మా రిపోర్టులన్నీ ఆ వెడల్పుకే తయారయ్యేవి. నా కంప్యూటరు తెర మీద మాత్రం ఎనభై అక్షరాలే పడతాయి. మిగిలింది విరిగి కింద వరుసలోకి పోతుంది. ఈ చిన్న తేడా గుర్తుంచుకోండి.

ఉదయగిరి నర్సమ్మ గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. పాత మిషను ఆసుపత్రిలో పని నేర్చుకొని వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గొడుగు చేత్తో పట్టుకొని పల్లెలన్నీ కాలినడకన తిరిగేది. డాక్టరు గారిని తప్ప అందరినీ నాయనా అనే పిలిచేది. చిన్నప్పుడు టైపు మిషను నేర్చుకొన్నదట. మా కేంద్రాల్లో పదివేళ్ళతో టైపు చేసే మనిషి ఆమె ఒక్కతే.

ముసురు పట్టిన రెండో రోజో మూడో రోజో ఆమె దగ్గర్నుంచి డాక్టరు గారికి ఫోను వచ్చింది. నేను ఆయన గదిలోనే ఉన్నాను. సీతారామపురం పోయే దారిలో ఒక పల్లె ఉంది. మధ్యలో వాగు, వాగుకు ఇటూ అటూ ఇళ్ళు. అంతకుముందు వారం పడ్డ పెద్ద వానప్పటి నుంచి అక్కడ వాంతులు, విరేచనాలు. పాత బావిలో ఆకులు కుళ్ళి నీళ్ళు పచ్చగా ఉన్నాయని అందరూ దాన్నే అనుమానించారు. బ్లీచింగ్ పౌడరు వేశారు. అయినా జబ్బు ఆగలేదు. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి, అది పాత బావి కాదు, బోరింగు అంటోంది.

ఆ బోరింగు మా సంస్థ వేయించిందే. డాక్టరు గారి ముఖం మారింది.

"అమ్మా, నీళ్ళు పరీక్ష చేయించి వేసిన బోరింగు అది. మన పేరు రాసిన పలక కూడా ఉండాది దానికి."

అవతల గొంతు నాకు కూడా వినిపించింది. "పలక ఉంటే నీళ్ళు బాగుంటాయా సార్?"

డాక్టరు గారు ఫోను ఇంకో చెవికి మార్చుకొన్నారు. మంచి మనిషే, కాని చేతికి కాగితం రానిదే ఏదీ నమ్మేవారు కాదు. "ఏ ఇంట్లో జబ్బుండాది, ఏ ఇంటివాళ్ళు నీళ్ళు ఎక్కడ తెచ్చుకొంటున్నారు, అంతా గీసి పంపు. చూడకుండా బోరింగు మూసేస్తే రేపు ఆ పల్లె తాగేదేంది?"

"నేను తాగొద్దంటే వాళ్ళు వినడంలేదు సార్. బావి నీళ్ళు బ్లీచింగ్ వాసనొస్తాయంట. మీరొచ్చి చెప్తేనే వింటారు."

"బస్సులే లేవు, మన జీపు గూడా దాటదు గదమ్మా. చప్టా మీద నీళ్ళు పోతా ఉండాయి. కంప్యూటరులో పంపు, చూస్తాను."

మర్నాడు మధ్యాహ్నం ఆమె నాకు ఫోను చేసింది. కేంద్రంలో కాగితం మీద చేత్తో లాగే చిన్న స్కానరు ఒకటి ఉండేది. తను గీసిన పటాన్ని దాంతో లాగి, ఫైలు చేసి, పొద్దున్నించీ నాలుగుసార్లు పంపిందట. నాలుగుసార్లూ ఎర్ర వరుసే వచ్చిందట.

"సిస్టం ఒప్పుకోదు సిస్టర్" అన్నాను.

"సిస్టం అంటే ఎవరు నాయనా?"

నాకు నవ్వొచ్చింది. "ఎవరూ కాదు. రూలు. బొమ్మలు తీసుకోవద్దని పెట్టినాను. మీది అరవైనాలుగు కేబీ కంటే చాలా పెద్దది గూడా."

"నువ్వు పెట్టిందే అయితే నువ్వే తీయొచ్చు గదా."

"మీకు తీస్తే అందరికీ తీయాల. మళ్ళీ డిస్కు నిండితే జవాబు చెప్పాల్సింది నేను. అయినా ఈ వానలో ఆ లైను మీద అంత పెద్ద ఫైలు సగంలోనే తెగిపోద్ది. అక్షరాల్లో రాసి పంపండి, నిమిషంలో వస్తుంది."

"పటాన్ని అక్షరాల్లో ఎట్ల రాసేది నాయనా?"

ఫోనులో వాన చప్పుడు వినిపిస్తోంది, అక్కడి వానో ఇక్కడి వానో తెలియదు. కొంచెంసేపటికి ఆమే, "సరే, చూస్తాను" అని పెట్టేసింది.

అది ఏ పటమో నాకు తెలుసు. ఎందుకు పంపుతోందో తెలుసు. సెట్టింగుల ఫైలు తెరిచి, ఒక మాట చేర్చి, ఒక అంకె మార్చితే అయిపోయే పని. నాలుగు అడుగులు వేసి డాక్టరు గారి గదిలోకి పోయి, మార్చమంటారా అని అడిగినా సరిపోయేది. అడగలేదు. అడిగితే నా రూలు తప్పని నేనే ఒప్పుకొన్నట్టు అవుతుందని లోపల ఎక్కడో ఉంది. అప్పుడు అట్లా అనుకోలేదు లెండి. పద్ధతి కాపాడుతున్నానని అనుకొన్నాను.

సాయంత్రం ఆయన ఇంటికి పోతూ నా బల్ల దగ్గర ఆగారు. "ఉదయగిరి నుంచి ఏమైనా వచ్చిందా?"

నేను పేజీ చూశాను. పేజీలో ఏమీ లేదు.

"ఏమీ రాలేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే, అది అబద్ధం కాకపోవడం.

మర్నాడు పొద్దున నేను అక్క కంటే ముందే వచ్చాను. పేజీలో ఒక ఫైలు ఉంది, ఉదయగిరి నుంచి. పేరు బావి. టెక్స్ట్ ఫైలే, చిన్నదే. తెరిచాను. తెర నిండా చుక్కలు, ఇంటూ గుర్తులు, సున్నాలు, అడ్డగీతలు, మధ్య మధ్య పెద్ద పెద్ద ఖాళీలు. ఒక వరుసకూ ఇంకో వరుసకూ పొంతన లేదు. చూడగానే అర్థమైపోయిందనుకొన్నాను. ఆ బొమ్మ ఫైలుకే పేరు చివర మార్చి, టెక్స్ట్ అని చెప్పి, నా కళ్ళుగప్పి లోపలికి తోసిందని. అట్లా పేరు మార్చి పంపేవాళ్ళు ఉంటారని నెల్లూరులో మాకు నేర్పించారు. నిజానికి బొమ్మ ఫైలును అట్లా తెరిస్తే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తాయి గాని ఇంత శుభ్రమైన చుక్కలు రావు. ఇంకొక నిమిషం చూసి ఉంటే తెలిసేది. కోపంలో ఉన్నవాడికి ఆ నిమిషం ఉండదు. ఫైలు తీసేశాను. ఉదయగిరికి ఫోను చేసి నాలుగు మాటలు అందామనుకొన్నాను. ఫోను మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆమె అప్పటికే పల్లెకు నడిచి వెళ్ళిందని తర్వాత తెలిసింది.

పదింటికి డాక్టరు గారు మళ్ళీ అడిగారు. "వచ్చిందా?"

"రాలేదు సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కొంచెంసేపు నిలబడ్డారు. "నిజంగా బోరింగే అయితే ఈపాటికి పంపేది. తగ్గి ఉంటుందిలే" అన్నారు. ఆయన భుజాలు కాస్త తేలికపడటం నేను చూశాను. మా ఇద్దరికీ ఆ రోజు హాయిగానే గడిచింది. వాన సన్నబడింది. పొద్దుగూకే వేళ ఎవరో వేడి వేడి పకోడీలు తెచ్చారు. అందరం తిన్నాం.

ఆ మర్నాడు నేను వచ్చేసరికి తొమ్మిది దాటింది. కింద టీ అంగడి దగ్గర నిలబడి తాగుతుంటే పైన ప్రింటరు మొదలైన చప్పుడు వినిపించింది. రిపోర్టులు అచ్చయ్యేటప్పుడు ఆ ప్రింటరు ఆగకుండా ఒకే రకంగా గోల చేస్తుంది. ఆ రోజు చప్పుడు వేరుగా ఉంది. కొంచెం కొట్టి ఆగుతుంది. చాలా దూరం జరిగి మళ్ళీ రెండు దెబ్బలు కొడుతుంది. ఆగుతుంది. ఎవరో చీకట్లో తడుముకుంటూ నడుస్తున్నట్టు. నేను గ్లాసు పెట్టేసి మెట్లెక్కాను.

అక్క ప్రింటరు ముందు నిలబడి ఉంది. బయటికి వస్తున్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని చూస్తోంది.

"ఏం ఫైలు అక్కా అది?"

"ఉదయగిరిది సార్. పొద్దున్నే వచ్చి ఉండాది. ఫైలుకు 'చూడు' అని పేరు పెట్టినారు."

నేను పక్కకు పోయి చూశాను. వెడల్పు కాగితం మీద వరుసలు విరగలేదు. దేని కింద ఏది రావాలో అదే వచ్చింది. ఏటవాలు గీతలు ఒకదాని కింద ఒకటి చేరి మెలికలు తిరిగి కిందికి దిగుతున్నాయి. కాగితం ఒక్కో వరుసా పైకి జరుగుతుంటే, పొగమంచు తీసినప్పుడు ఊరు తేలినట్టు, ఊరు తేలింది.

"ఇది వాగు సార్" అంది అక్క. వేలు కాగితానికి తగలకుండా పైన పెట్టి చూపించింది. "ఈ కూడిక గుర్తు చర్చి. దీని పక్క సందులో మా పెద్దమ్మోళ్ళ ఇల్లు. ఇది బడి."

ప్రింటరు ఇంకో రెండు వరుసలు కొట్టింది. వాగుకు ఇవతల చుక్కలతో గీసిన ఒక చిన్న గడి, అందులో బోరింగు అని ఇంగ్లీషు అక్షరాల్లో. దాని చుట్టూ ఇంటూ గుర్తులు, బెల్లానికి పట్టిన చీమల్లాగా. పాత బావి చుట్టూ అన్నీ సున్నాలే. వాగుకు అవతల అన్నీ సున్నాలే, రెండు ఇళ్ళు తప్ప. ఆ రెంటికీ నంబర్లు వేసి ఉన్నాయి. అడుగున నర్సమ్మ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసింది. ఇంటూ ఉన్నది జబ్బున్న ఇల్లు. సున్నా జబ్బు లేని ఇల్లు. వాగు అవతల ఒకటి, రెండు ఇళ్ళ పిల్లలు బడికొచ్చినప్పుడు బోరింగు నీళ్ళు తాగుతారు. నిన్న ఒక పటం పంపినాను. ఇది కొత్త ఇళ్ళు కలిపి మళ్ళీ కొట్టినాను. దయచేసి చూడండి.

పటాన్ని అక్షరాల్లో ఎట్ల రాసేది అని అడిగిన మనిషి, అక్షరాల్లోనే రాసి పంపింది.

అక్క కాగితం చించి నా చేతికిచ్చింది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. పెద్దమ్మ ఇంటి మీద ఏ గుర్తుందో నేను కూడా ఆమెను అడగలేదు. చర్చి పక్క సందులో ఉన్నవన్నీ ఇంటూలే.

డాక్టరు గారు పటాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. చదవాల్సినంత ఏమీ లేదు అందులో. కాని చూస్తూనే ఉన్నారు. ఆ తర్వాత అడిగారు.

"ఎప్పుడొచ్చింది ఇది?"

ఇప్పుడే సార్ అంటే అదీ అబద్ధం కాదు. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది.

"మూడు రోజుల నుంచి వస్తా ఉండాది సార్. నేనే తీసుకోలేదు. నిన్న వచ్చినదాన్ని చూసి చెత్త అనుకొని తీసేసినాను."

ఆయన తిడతారనుకొన్నాను. తలెత్తి నన్ను చూశారు. అప్పుడు ఆయన కళ్ళలో ఉన్నది కోపం కాదు. నిన్న పొద్దున కిటికీ దగ్గర తేలికపడిన భుజాలు ఆయనకూ గుర్తొచ్చి ఉంటాయి. "జీపు తీయమను. నువ్వు గూడా రా" అన్నారు.

చప్టా మీద నీళ్ళు మోకాటి లోతుకు దిగాయి. డ్రైవరు దిగి నడిచి చూసుకొని దాటించాడు. ఉదయగిరి దగ్గరకొచ్చేసరికి కొండ కనిపించలేదు. దుర్గం గోడలు ఉండాల్సిన చోట మబ్బు కూర్చొని ఉంది. ఉన్నట్టుండి ఒక చోట చీలి, పాత రాతి మెట్ల వరుస ఒకటి ఆకాశంలో వేలాడినట్టు కనిపించి మాయమైంది. దారి పొడుగునా సీతాఫలం పొదలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. నా ఒళ్ళో మడత పెట్టిన పటం ఉంది. దాన్ని మాటిమాటికీ తెరిచి చూసుకొన్నాను.

పల్లెలోకి దిగాక ఎటు నడవాలో నేను ఎవర్నీ అడగలేదు. చర్చి, సందు, బడి, అన్నీ ఆమె పెట్టిన చోటనే ఉన్నాయి. బోరింగు దగ్గర నర్సమ్మ గొడుగు వేసుకొని నిలబడి ఉంది. సిమెంటు దిమ్మ ఒక పక్క పగిలి, వాన నీళ్ళు, పక్కనున్న పేడదిబ్బ నీళ్ళు ఆ పగులులోకి సన్నగా దిగుతున్నాయి. మా సంస్థ పేరున్న పలక మాత్రం వాన కడగ్గా తళతళలాడుతోంది. డాక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చొని పగులులో వేలు పెట్టి చూశారు. లేచి, అక్కడ చేరిన మనుషులకు తన నోటితో చెప్పారు, ఈ నీళ్ళు తాగొద్దని, ఇవి మేము వేయించిన బోరింగు నీళ్ళే అయినా తాగొద్దని. మగవాళ్ళు నలుగురు కంపచెట్లు కొట్టి తెచ్చి బోరింగు చుట్టూ వేశారు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. ఆ తర్వాత కొత్తగా ఎవరూ జబ్బున పడలేదు.

కాని ముందు రోజు పొద్దుగూకే వేళ ఒక అవ్వ పోయింది. మంచం మీద వేసుకొని రోడ్డు దాకా మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఈ సంగతి నర్సమ్మ డాక్టరు గారికి చెప్తుంటే విన్నాను. ముందు రోజు పొద్దుగూకే వేళ నేను ఏం చేస్తున్నానో లెక్క వేసుకొన్నాను.

ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరకు పోయాను. బడి వసారాలో కూర్చొని చెప్పులకు పట్టిన బురద పుల్లతో తీసుకుంటోంది.

"మొదటి పటం నిన్న పొద్దున్నే వచ్చింది సిస్టర్. నేను తీసేసినాను. మీరు బొమ్మకు పేరు మార్చి పంపినారనుకొన్నాను."

ఆమె పుల్ల ఆపింది. "పేరు మార్చి పంపొచ్చా? నాకు తెలీదే" అంది. "తెలిసుంటే అంత కష్టం లేకపోయె. టైపు నేర్చుకొనేటప్పుడు పూలబుట్టలు, నెమళ్ళు కొట్టేవాళ్ళం. కాగితం మీద గళ్ళు గీసుకొని, గడికొక అక్షరం. అది గుర్తొచ్చి కూర్చున్నాను. వాగు దగ్గర రెండుసార్లు తప్పు పోయింది."

"ఆ అవ్వ..." అన్నాను.

ఆమె చెప్పు కింద పెట్టింది. "ఎనబై దాటిన మనిషి. నిన్న పొద్దున్నే బోరింగు మూసుంటే బతికేదో లేదో నాకు తెలీదు నాయనా. తెలీనిదాన్ని నీ నెత్తిన పెట్టలేను. తీసెయ్యనూ లేను" అంది. మళ్ళీ చెప్పు చేతిలోకి తీసుకొంది.

ఆత్మకూరు తిరిగొచ్చాక సెట్టింగుల ఫైలు తెరిచి కూర్చున్నాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన అన్నీ తెరిచేయాలని. ఏ రకమైనా రానీ, ఎంత పెద్దదైనా రానీ. అది పశ్చాత్తాపమే గాని పని కాదని డాక్టరు గారు అన్నారు. డిస్కు మళ్ళీ నిండితే మళ్ళీ రిపోర్టులు పోతాయి, అదీ నిజమే. దారి చూపించింది అక్క. ఆమె పెద్దమ్మ కోలుకొని అప్పటికి లేచి కూర్చొంటోంది. "తీసుకోకపోతే పోనీ సార్, ఎవరో తలుపు కొట్టినారని మనకు తెలిస్తే చాలు గదా" అంది.

వారం పట్టింది నాకు అది చేయడానికి. బొమ్మల్లో రెండు రకాలు ఒప్పుకొన్నాను, పరిమితి ఐదొందల కేబీకి పెంచాను. అంతకంటే ముఖ్యం, పేజీ దేన్ని వద్దన్నా దాని పేరు, పంపిన కేంద్రం, వేళ ఒక జాబితాలో పడేటట్టు చేశాను. ఎర్ర వరుస తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. ఈ ఫైలు తీసుకోలేకపోయాము, ఈ నంబరుకు ఫోను చేయండి అని నా బల్ల మీది నంబరు ఇచ్చాను. రోజూ పొద్దున ఆ జాబితా కూడా అక్క అచ్చు తీసేది. కేంద్రం వాళ్ళు ఫోను చేయకపోతే నేనే చేసి అడిగేవాణ్ణి, ఏం పంపాలనుకొన్నారని. చాలాసార్లు అవి పూలతోటలే. ఒకసారి దుత్తలూరు నర్సు చాలా సిగ్గుపడుతూ, అది తన పెళ్ళి ఫోటో అని చెప్పింది. ఆ పని రిటైరయ్యే దాకా చేశాను. తర్వాత ఎన్ని సర్వర్లు మారాయో, ఎన్ని పేజీలు మారాయో. ఎవరైనా కొత్తవాడు వచ్చి ఈ జాబితా ఎందుకు సార్, టైము దండగ అంటే, ఉంచవయ్యా అనేవాణ్ణి. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

నెల పోయాక వానలు వెనకబట్టాయి. బోరింగుకు కొత్త దిమ్మ కట్టడానికి మేస్త్రీలను తీసుకొని డాక్టరు గారు పోతుంటే నేను కూడా పోయాను. ఎందుకు వచ్చావని ఆయన అడగలేదు. ఎండ కొత్తగా, పల్చగా ఉంది. వాగు సన్నబడి రాళ్ళ మధ్య మెరుస్తోంది. కొండ మొత్తం కనిపిస్తోంది, కడిగి ఆరబెట్టినట్టు. పటంలో ఇంటూ గుర్తు ఉన్న ఒక ఇంటి ముందు నిలబడ్డాను. అది ఆ అవ్వ ఇల్లు. ఆమె కూతురు, అరవై దగ్గరి మనిషి, అరుగు మీద కందులు చెరుగుతోంది.

ఏమైనా అడుగుతుందేమోనని చూశాను. ఆమె నన్ను మేస్త్రీల తాలూకు మనిషి అనుకొంది. "ఎండన నిలబడినావేంది నాయనా, కూర్చో" అని, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను చెంబు పట్టుకొని కొంచెం ఆలస్యం చేశాను కాబోలు. "కాచినవే, తాగు. మా నర్సమ్మ కాచకుండా ఎవర్నీ తాగనీదు" అంది.

తాగాను.

"ఏం పని నీది?"

"ఊళ్ళ నుంచి ఆఫీసుకు కాగితాలు వస్తాయమ్మా. వాటిని తీసుకోవడం నా పని."

"తీసుకోవడమేనా?"

"అంతే."

ఆమె చేట ఎత్తి ఒకసారి చెరిగింది. పొట్టు ఎండలో తేలి పక్కకు పోయింది. "అయితే సులువైన పనే" అంది.

ఖాళీ చెంబు ఆమె చేతికిచ్చి, దిమ్మ కడుతున్న వైపు నడిచాను.